పెద్దావిడ కుర్చీ

“గది బాగుందండీ. కుర్చీ ఏది?” అంది కోడలు.

డిజైనరమ్మాయికి తల కొట్టేసినట్టయింది.

ఇళ్ళకి సోకులు దిద్దేవాళ్ళు చాలామందే ఉంటారు. వయసు మళ్ళినా పని మానని వాళ్ళకి ఇంట్లోనే ఆఫీసు గది అమర్చడంలో మాత్రం ఈ అమ్మాయిది అందె వేసిన చెయ్యి. బల్ల అంచులు గుండ్రంగా చెక్కించింది. వైర్లు కాలికి తగలకుండా గోడవెంట బిగించింది. దీపం కళ్ళలో పడకుండా పక్కకి పెట్టింది. కుర్చీ ఒక్కటే ఇంకా రాలేదు.

కోడలు మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

“మా అత్తయ్య లోపల మంచం అంచునే కూర్చుని పని చేస్తున్నారు. నడుం పట్టేసి పని నెమ్మదిస్తోంది. ఆఫీసువాళ్ళు గుర్రుగా ఉన్నారు. ఈ ఉద్యోగం పోతే ఆవిడ మళ్ళీ మనిషి కాలేరండీ.”

“కుర్చీ తెచ్చే పూచీ నాది!”

మాటయితే ఇచ్చేసింది. మెట్లు దిగుతూనే కుర్చీల కంపెనీకి ఫోన్ కలిపింది.

“ఆర్డర్ నంబరు చెప్పమ్మా.”

చెప్పింది.

“ఇంకోసారి చెప్పమ్మా... ఒక్క నిమిషం.”

నిమిషం దాటింది. అవతల చప్పుడు లేదు.

“ఉన్నారా, నిద్రపోయారా?”

“ఉన్నానమ్మా, వెతుకుతున్నా. కుర్చీ ఎవరికి?”

“ఎవరికైతే మీకెందుకు? ఓ పెద్దావిడకి. పాపం నడుంనొప్పి. అది రాకపోతే ఆవిడ ఉద్యోగం ఊడేలా ఉంది. మీకేం, ఏసీలో కబుర్లు చెబుతూ కాలక్షేపం చేస్తారు!”

ఎదురుగా మనిషి కనిపించకపోతే మన నోరు ఇంకాస్త పెద్దదవుతుంది.

“నిజమేనమ్మా. చూస్తాను.”

అమ్మాయి ఫోన్ ఠక్కున పెట్టేసింది. మా సేవ ఎలా ఉందంటూ మెసేజ్ వచ్చింది. ఒకే ఒక్క స్టార్ నొక్కి, కింద రాసింది: ‘ఫోనెత్తిన మనిషి దేనికీ పనికిరారు. తీసేయండి.’

మర్నాడు పొద్దున్నే కుర్చీ ఆ అమ్మాయి వర్క్‌షాప్ గుమ్మంలో దిగింది.

“చూశావా? నాలుగు దులిపితేగానీ పనులు కావు,” అంది వడ్రంగితో.

“నిన్నంతా మా మీద అరవలేదేమిటా అనుకున్నా,” అన్నాడు వడ్రంగి.

ఇద్దరూ కుర్చీ తీసుకెళ్ళి గదిలో వేశారు. అత్తగారిని ఆ అమ్మాయి చూడటం అదే మొదటిసారి. ఆవిడ మెల్లగా కూర్చుని, వీపు ఆనించి, కళ్ళు మూసుకుంది. ఆ ముఖంలో నెమ్మది చూసి అమ్మాయికి కడుపు నిండిపోయింది.

“ఇంకేం పిన్నిగారూ, ఇవాళే పని మొదలెట్టేయండి!”

కోడలు తల దించుకుంది.

“పనెక్కడిదమ్మా? నిన్న సాయంత్రం మానేయమన్నారు,” అంది అత్తగారు. “నా మీద ఎవరో ఫిర్యాదు రాశారట.”

“అయ్యో! ఎవరండీ ఆ జాలీ దయా లేని మనిషి?”

“అలా అనకమ్మా. ఆ పిల్ల తొందర ఆ పిల్లది. నడుంనొప్పి పెద్దావిడెవరికో కుర్చీ కావాలంటూ ఫోన్ చేసింది. డ్యూటీ దిగేలోపే గోడౌన్ వాళ్ళని బతిమాలి, పొద్దుటి మొదటి బండిలో వేయించాను. ఈపాటికి ఆవిడ నడుం వాల్చి హాయిగా కూర్చునే ఉంటుంది.”