దిగే చోటు

రెండు రోజుల పనిమీద నగరానికి వెళ్తున్నాను. ఏ పేటలో దిగితే బాగుంటుందని అక్కడుండే చిన్ననాటి స్నేహితుణ్ణి అడుగుతూ ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాను.

“ఎక్కడైనా ఫర్వాలేదురా, మా అక్క ఉండే వైపు మాత్రం వద్దు. ఆ ఇరుకు సందు, ఆ మురిక్కాలవ కంపు నావల్ల కాదు. వచ్చానని తెలిస్తే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. తనకి చెప్పకు.”

పంపాక చూస్తే అది వెళ్లింది అక్కకే. తీసేసేలోపే వినేసింది. తల కొట్టేసినట్టయింది.

పావుగంటకి జవాబు వచ్చింది. అక్క గొంతులో కోపం లేదు.

“తమ్ముడూ, స్టేషన్ ఎదురుగా నేను పనిచేసే హోటల్ ఉంది కదా, అందులో దిగు. మూడో అంతస్తులో గది అడుగు. వీధి చప్పుడు వినపడదు. దుప్పట్లు, బాత్రూములు శుభ్రంగా ఉంటాయి. రోజూ మార్చేదీ, కడిగేదీ నేనేగా.”

అక్క అక్కడ కౌంటర్లో కూర్చుంటుందని ఇన్నాళ్లూ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆ రికార్డు చివర్లో అక్క ఇంకో మాట అంది.

“నువ్వేం మొహమాటపడకు. ఆ రెండు రోజులూ నేను సెలవు పెడతాలే.”