ఆరున్నర దాకా

ఇంకో ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆయన అవుటవకుండా ఉంటే చాలు.

సెసిలీ ఒళ్ళో టెలిగ్రాం ఉంది. దాని మీద రుమాలు కప్పి, రుమాలు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. వెంటనే వచ్చి రెజిమెంటులో చేరమని కబురు. అది చదివితే ఆయన వెళ్లిపోతాడు. కెప్టెన్ ఆంబ్రోస్ థెల్‌వాల్, ప్రభువుగారి రెండో కొడుకు, తన భర్త.

థెల్‌వాల్ వాళ్ల మైదానంలో ఒక కట్టుబాటుంది. బ్యాటింగ్ చేస్తున్నవాడికి ఏ కబురూ చెప్పకూడదు. కొంపలంటుకున్నా సరే, అవుటయ్యాకే చెప్పాలి. తాతగారి రోజుల్లో గుర్రాలశాల నిజంగానే అంటుకుందట. ఆయన తొంభై కొట్టి వచ్చి, అప్పుడు తాపీగా విన్నాడట. పెద్దింటివాళ్ల పిచ్చి అలాగే ఉంటుంది మరి.

ఈ రోజు మాత్రం ఆ పిచ్చే దిక్కు. శనివారం ఆట ఆరున్నరకి ఆపేస్తారు, మళ్ళీ సోమవారమే. నాటౌట్‌గా మిగిలితే ఇన్నింగ్స్ ఇంకా నడుస్తున్నట్టే లెక్క. రెండు రాత్రులు ఆయన ఇంట్లో పడుకుంటాడు. తన పక్కన.

అందుకే పొద్దున్నే కమ్మరి జాబ్ టకర్ దగ్గరికి వెళ్లింది. ఆ చుట్టుపక్కల అంత వేగంగా బంతి వేసినవాడు మరొకడు లేడు.

"జాబ్, నీకు దణ్ణం పెడతాను. ఆయన్ని అవుట్ చెయ్యకు."

"అయ్యో, ఎంతమాట దొరసానమ్మా! మా ముసలమ్మ కూడా కొట్టగల బంతులే వేస్తాను, చూడండి."

మాట నిలబెట్టుకున్నాడు. బంతులు తేలుకుంటూ వస్తున్నాయి.

"ఏంట్రా జాబ్, ఎడంచేత్తో వేస్తున్నావు? నా మీద జాలా?" కెప్టెన్ పిచ్ మీంచి అరిచాడు.

"కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది దొరగారూ. మీరు కొట్టండి!"

కెప్టెన్ కొట్టాడు. బంతి గాల్లోకి లేచింది. సెసిలీ కళ్ళు మూసుకుంది. ఫీల్డింగ్‌లో ఉన్నవాళ్లంతా ముసలాళ్లే. నేరుగా చేతుల్లో పడిన క్యాచ్‌ని తోటమాలి జారవిడిచి, తన చేతుల్ని తానే తిట్టుకున్నాడు.

ఆరూ ఇరవై.

తర్వాతి బంతి బ్యాటు అంచుని ముద్దాడుతూ వెనక్కి వెళ్లింది. వికెట్ల వెనక ఉన్న పోస్టుమాస్టరు వదిలేద్దామనే అనుకున్నాడు పాపం. గ్లవ్స్‌లో ఇరుక్కుపోయింది.

ఒక్కరూ అపీలు చెయ్యలేదు. టీ కప్పులు కడుగుతున్న ఆడవాళ్లు కూడా ఆగిపోయారు.

అంపైరుగా ఉన్న పాదిరిగారు ఆకాశం వైపు చూస్తూ, "ఆడండి బాబూ, ఆడండి," అన్నారు.

"తగిలింది పాదిరిగారూ," అన్నాడు కెప్టెన్.

"నాకేం వినపడలేదే!"

"నాకు వినపడిందిగా."

బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వచ్చేశాడు. తగిలిందని తెలిసీ క్రీజులో నిలబడటం వాళ్ల రక్తంలో లేదు.

మీ మర్యాద మండ! సెసిలీకి గట్టిగా అరవాలనిపించింది. పది నిమిషాలు. ఒక్క పది నిమిషాలు ఆగలేకపోయాడు.

"నలభై ఏడు, సెస్!" నవ్వుతూ వచ్చాడు. "ఏంటలా ఉన్నావు? ఎవరైనా పోయారా?"

ఆమె చెయ్యి రుమాలు మీంచి లేవలేదు. ఆయనే మెల్లగా ఆ చేతిని తప్పించి, కాగితం తీసుకుని చదివాడు.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం ఆమె చూస్తూనే ఉంది. వంగి ఆమె చెవిలో అన్నాడు.

"సెస్, నాకు భయమేస్తోంది."

"నాకూ."

"ఎవరికీ చెప్పకు."

"చెప్పను. ఒట్టు."

నిటారుగా నిలబడ్డాడు. కాగితం చేతిలోంచి జారి గడ్డిమీద పడింది. గేటు దగ్గర డాక్టరుగారు అప్పటికే కారు తలుపు తీసి పట్టుకున్నారు.

"రండి కెప్టెన్, నేను దింపుతాను."

ఆయన వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాదిరిగారు టోపీ తీసి నిలబడ్డారు.

కారు మతి చెదిరినవాళ్ల ఆసుపత్రి వైపు మలుపు తిరిగాక జాబ్, యుద్ధంలో పోయిన కుడిచేతి తాలూకు ఖాళీ చొక్కా చేతిని జేబులోంచి బయటికి లాక్కుని, మడతల దగ్గర చిరిగిపోయిన ఆ పన్నెండేళ్ల నాటి టెలిగ్రాంని గడ్డిలోంచి తీసి, మళ్ళీ ఏడాది ఆట కోసం దొరసాని చేతిలో పెట్టాడు.