దొంగ దొండ

"వెళ్ళిందా?" గోడ కింద వంగి కూర్చున్న కోటిరత్నం గుసగుసగా అడిగింది.

"వెళ్ళింది. బైబిలు, గొడుగు, సంచీ అన్నీ పట్టుకుని ఆటో ఎక్కింది," వీధి గుమ్మంలోంచి వచ్చి చెప్పాడు మొగుడు నాగబాబు. "నా మాట విను రత్నం. నోరు తెరిచి అడిగితే అన్నమ్మ టీచరు గంపెడు తీగ ఇస్తుంది. ఆదివారం పూట ఈ దొంగతనం ఏంటే?"

"అడిగి తెస్తే బతకదండీ! పిట్టలవానిపాలెం వదినని అడిగి తెచ్చానా, ఎండిపోయింది. తెనాలిలో కొనుక్కొచ్చానా, అదీ కుళ్ళిపోయింది. దొండ తీగ దొంగతనంగా తెస్తేనే నాటుకుంటుందని మా అమ్మ చెప్పలా?"

అమ్మ మాట రాగానే నాగబాబు కుర్చీ తెచ్చి గోడ పక్కన వేశాడు. పోయిన తుఫానుకి పెరట్లో నీళ్ళు నిలిచి, రత్నం వాళ్ళమ్మ తమ దగ్గరికొచ్చి ఉన్నప్పుడు రేపల్లె నుంచి తెచ్చి పెట్టిన దొండ పాదు వేళ్ళతో సహా పోయింది. మళ్ళీ తెచ్చి పెడదామంటే ఆవిడ లేదు. మొన్న పక్కింటి అన్నమ్మ టీచరు గోడ మీంచి గిన్నెడు దొండకాయలు అందించింది. ఆ వేపుడు నోట్లో పెట్టుకోగానే కోటిరత్నానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అమ్మ పాదు కాయలు కూడా ఇట్టాగే ఉండేవంది. దొండకాయలన్నీ ఒకేలా ఉంటాయన్నాడు నాగబాబు. అనకుండా ఉండాల్సింది. అప్పట్నుంచీ ఇంట్లో ఆ తీగ గురించి తప్ప మరో మాట లేదు.

"ఎవరైనా వస్తే దగ్గండి," అని చెప్పి కోటిరత్నం కొంగు బిగించింది. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, చాకు నడుముకి దోపుకుని, గోడ మీదికి పాకింది. అటువైపు దూకడం అనుకున్నంత అందంగా జరగలేదు. గోంగూర మడిలో కూలబడింది.

లేచి చూసేసరికి ఒళ్ళు పులకరించింది. బాపట్ల మొత్తం మీద ఇలాంటి పెరడు ఉండదు. వంకాయలు నిగనిగలాడుతున్నాయి, బెండకాయలు నిటారుగా లేచి ఉన్నాయి. మెరక నేల కాబట్టి తుఫాను నీళ్ళు ఇటు రానే లేదు. ఆ చివర పందిరి నిండా దొండ! ఆకు కనపడకుండా కాయలే. చారల చారల కాయలు, చిటికెన వేలంత పిందెలు, మధ్యలో తెల్లటి పువ్వులు. కోటిరత్నం పందిరి గుంజ పక్కన చేరి, ముదురు తీగ కోసం వెతకడం మొదలుపెట్టింది. లేత తీగ పనికిరాదు. కణుపులు దగ్గరగా ఉండాలి, బొటనవేలంత లావుండాలి.

దొరికింది!

అప్పుడే గోడ అవతల నాగబాబు దగ్గాడు. పొద్దుట్నుంచీ ఆయనకి జలుబు. 'ఇప్పుడే రావాలా ఈ దగ్గు? అల్లం టీ తాగమంటే వింటేగా' అనుకుంది కోటిరత్నం. మళ్ళీ దగ్గాడు. ఈసారి ప్రాణం పోతున్నట్టు దగ్గాడు. ఆమె విసుక్కుంటూ తీగ మీద చాకు ఆనించింది.

"కోటిరత్నం!"

తరగతులకి తరగతులని నిశ్శబ్దం చేసిన గొంతు అది. కళ్ళజోడు మర్చిపోయి వెనక్కి వచ్చిన అన్నమ్మ టీచరు, గొడుగుతో సహా పందిరి ముందు నిలబడి ఉంది.

"పిన్నీ... అదీ... మా పిల్లి ఇటు దూకిందండీ..."

"దాని కోసం చాకు కూడా తెచ్చావా?"

కోటిరత్నం తల దించుకుంది.

"తీగే కదా. అడిగితే ఇవ్వనా? కోసుకో."

అంతే, కోటిరత్నం భోరుమంది.

"ఎట్టా కొయ్యనండీ? మీరు చూసేశారు! చూసి కోసుకోమన్నాక అది దొంగతనం ఎట్టా అవుద్ది? ఇచ్చినట్టే అవుద్ది. ఇంకది బతకదు. అమ్మ పోయింది, అమ్మ పాదు పోయింది. పోనీ మీ పాదన్నా పెరట్లో పెట్టుకుని చూసుకుందామనుకుంటే, ఇదీ చెడగొట్టుకున్నాను."

అన్నమ్మ టీచరు కాసేపు పందిరి వంక చూసింది. కాసేపు కోటిరత్నం వంక చూసింది. తర్వాత గొడుగు తెరిచి, వెనక్కి తిరిగి, గేటు వైపు మొహం పెట్టి నిలబడింది.

"కళ్ళజోడు లేందే నాకేం కనపడదు. పెరట్లో ఎవరున్నారో నాకు తెలియదు. చర్చికి టైమవుతోంది, ఆ ఉన్నవాళ్ళెవరో తొందరగా కానియ్యండి."

కోటిరత్నానికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత చాకు ఆగలేదు. కసుక్కుమని తీగ తెగింది! ఒక ముక్క, ఇంకో ముక్క, ఎందుకైనా మంచిదని మరో ముక్క. అన్నీ కొంగులో చుట్టుకుంది. గోంగూర మడి తొక్కకుండా పరుగున వెళ్ళి, బోర్లించిన తొట్టి మీదెక్కి గోడ పట్టుకుంది. అవతల నాగబాబు చేతులు చాచి, దగ్గుతూనే నవ్వుతున్నాడు.

సగం గోడ ఎక్కాక ఆమెకి ఆగాలనిపించింది.

"పిన్నీ, చర్చికి వెళ్ళే మీరు కూడా ఇట్టాంటివి నమ్ముతారాండీ?"

అన్నమ్మ టీచరు వెనక్కి తిరగలేదు. గొడుగు మాత్రం కొంచెం కదిలింది.

"నమ్మకం సంగతి నాకు తెలియదు గానీ, ఈ తీగ కోసం నేను మీ గోడ దూకిన రోజున మీ అమ్మ ఇట్టాగే అటు తిరిగి నుంచుంది."