మాష్ పేరుతో వచ్చినవాడు

తెర మీద పేరు అమ్మిణిది. గ్రాఫు గీత మాత్రం కుంజుమోన్‌ది.

జిన్సీ పేజీ మూసి మళ్లీ తెరిచింది. ఈసారి సరిగ్గానే ఉంది. ఒక రోగి పేజీలోంచి నేరుగా ఇంకో రోగి పేజీలోకి వెళ్తేనే, ముందటి మనిషి గీత కదలనని అక్కడే కూర్చుంటోంది.

"డాక్టర్ ఇది చూసి మందు మార్చాడంటే అంతే సంగతులు చేచీ," అన్నాడు పక్క కుర్చీలో ప్రశోభ్. జిన్సీని అక్కా అన్నట్టు చేచీ అంటాడు.

డయాలిసిస్ సెంటర్‌కి సోమవారం అప్పగించాల్సిన పని అది. కొచ్చి కాక్కనాడ్‌లోని ఆ చిన్న ఆఫీసులో మంచికీ చెడ్డకీ జిన్సీదే పూచీ.

గ్రాఫులు వాళ్లు సొంతంగా రాసుకున్నవి కావు. అందరూ వాడుకోండని ఒకాయన ఊరికే ఇచ్చిన కోడ్ లైబ్రరీని తెచ్చి, తమ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో తగిలించుకున్నారు. ఆయన సతీశన్. ఒట్టపాలం దగ్గర పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేవాడు కాబట్టి అందరికీ మాష్, అంటే మాస్టారు.

జిన్సీ ఆయన్ని ఒక్కసారే చూసింది, త్రిశూర్‌లో జరిగిన సభలో. ఆమె లేచి ఏదో తెలివితక్కువ ప్రశ్న అడిగితే హాలంతా గొల్లుమంది.

"నవ్వినవాళ్లలో ఎవరైనా లేచి జవాబు చెప్పండి," అన్నాడు మాష్.

ఒక్కరూ లేవలేదు. ఆ మాట జిన్సీ ఈనాటికీ మరిచిపోలేదు.

లైబ్రరీ పేజీలో తమ కష్టం రాసి పెట్టింది. మర్నాడు మాష్ పేరుతో జవాబు వచ్చింది. ఒకే ఒక్క వరుస కోడ్. దాని కింద, "ఇది పెట్టు. చాలు."

జిన్సీ నొసలు ముడిపడింది.

"ఇది మాష్ కాదు."

"పేరు ఆయనదే కదా?"

"మాష్ జవాబు ఇంటికి రాసిన ఉత్తరంలా ఉంటుంది. ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో ఓపిగ్గా చెప్పి, చివర్న ఓ జోకు వేస్తాడు. ఇదేంటి, కరెంటాఫీసు వాడిలా."

"పొద్దున చాయ్ పడి ఉండదు."

"నవ్వకు. ఏడాదిగా ఉలుకూ పలుకూ లేని మనిషి ఇప్పుడు ఊడిపడ్డాడు. ఆయన ఖాతా ఎవడో కాజేసి ఉంటాడు. కళ్లు మూసుకుని వాడిచ్చింది పెట్టుకున్నామా, రోగుల వివరాలన్నీ వాడి చేతిలో."

"నేను పెట్టి చూశా చేచీ. గీత మారుతోంది. ఆ వరుసలో తప్పేం లేదు."

"ఎర ఎప్పుడూ రుచిగానే ఉంటుంది. గాలం తర్వాత తగులుతుంది."

ఆమె ఊరుకోలేదు. 'ఒకసారి వీడియోలో మాట్లాడదాం మాష్' అని రాసింది.

"వీలు కాదు," అని చాలాసేపటికి వచ్చింది.

'పోనీ, ఫోన్లో?'

"వీలు కాదు."

"చూశావా," అంది జిన్సీ. "మొహం చూపించడు, గొంతు వినిపించడు. ఇంకేం కావాలి?"

అయినా ఆఖరి పరీక్ష ఒకటి పెట్టింది. 'త్రిశూర్‌లో అందరూ నన్ను చూసి నవ్వినప్పుడు మీరేమన్నారు?'

ఈసారి జవాబు రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"గుర్తు లేదు. క్షమించు."

జిన్సీ గుండెలో ముల్లు దిగినట్టయింది. తనకు అంత ఆసరా అయిన మాట ఆయనకి గుర్తుండదా?

"పెద్దాయన ఎందరికి ఎన్ని చెప్పి ఉంటాడో," అన్నాడు ప్రశోభ్. "నిన్న తిన్న కూర నాకే గుర్తులేదు."

"నీకు ఏది గుర్తుంది గనక?"

ఆ పూటే ఆమె అందరికీ కనబడేలా హెచ్చరిక పెట్టింది, ఇది మాష్ కాదు, జాగ్రత్త అని. ఖాతాలు చూసే కంపెనీకి ఫిర్యాదూ పంపింది. అంతవరకూ నోరెత్తని వాళ్లంతా నాకూ అనుమానంగానే ఉందంటూ తలో రాయీ వేశారు.

అటునుంచి ఒక్క మాటే వచ్చింది. "నేనే."

"దొంగ తాను దొంగనని చెప్పుకుంటాడా ఏంటి," అంది జిన్సీ.

ఖాతా మూతపడింది. ఆమె ప్రాణం కుదుటపడింది.

ప్రశోభ్ కూర్చుని ఆ సవరణ తనే రాశాడు. తీరా చూస్తే అచ్చం అదే వరుస.

"అంటే వాడు పనిమంతుడే చేచీ."

"అందుకే ఇంకా భయం."

పని అనుకున్న రోజుకి అప్పగించారు. ఇక అసలు మాష్‌కి ఈ సంగతి చెప్పడమే మిగిలింది. ఆయన నంబరుకి చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తరు. ఆ వచ్చిన ఆదివారం జిన్సీ ఓ కేకు డబ్బా పట్టుకుని ఒట్టపాలం రైలెక్కింది.

తలుపు తీసింది మాష్ భార్య.

"ఎవరు మోళే?" అంది, కూతుర్ని పలకరించినట్టు.

"మాష్ శిష్యురాలిననుకోండి చేచీ. కొచ్చి నుంచి వస్తున్నా."

ఆవిడ మొహం విప్పారింది. "ఎన్నాళ్లకి ఒక మనిషి వచ్చింది. వరండాలో ఉన్నారు, వెళ్లు. చాయ్ పెట్టుకొస్తా."

పేము కుర్చీలో మాష్ బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఆమెని చూసి కళ్లతో నవ్వాడు.

జిన్సీ కూర్చునేదాకా కూడా ఆగలేకపోయింది.

"మీరేం కంగారు పడకండి మాష్. ఎవడో మీ పేరు పెట్టుకుని మా అందరికీ జవాబులిస్తున్నాడు. నేనే పసిగట్టి బయటికి గెంటించాను. మీ ఖాతా ఇక ఎవడూ తెరవలేడు."

మాష్ ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, కూర్చోమన్నట్టు ఎదుటి కుర్చీ చూపించాడు.

భార్య చాయ్ తెచ్చి జిన్సీ చేతికిచ్చింది.

"నీదీ కంప్యూటర్ పనేనా మోళే? అయితే వెళ్లేముందు కాస్త చూసిపెట్టు," అంది. "కిందటేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, ఈమధ్యే మళ్లీ ఆ ఎడమ చేతి వేలొక్కదానితోనే పిల్లలెవరికో జవాబులు కొట్టుకుంటూ పొద్దుపుచ్చేవారు, వారం పదిరోజులుగా అదేంటో ఆ కంప్యూటర్ ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు."