ఒంటిపోగు లైను

ఉదయభాస్కర్ గడియారం చూశాడు. మూడు నిమిషాల కిందటే చూశాడు.

కౌంటర్ మీద ఆరు పొట్టి గేలపు కర్రలున్నాయి. దక్షిణ ధ్రువపు మంచుఖండానికి వెళ్తున్న పరిశోధకులవి. అక్కడ సముద్రం మీద పేరుకున్న మంచుగడ్డకు రంధ్రం చేసి, కింద నీళ్ళలో చేపల్ని పడతారట. వాటికి తగిన లైను, అంటే గేలపు దారం, ఎంచి, సాయంత్రం ఐదింటికల్లా చుట్టి ఉంచాలి.

"ఇది నువ్వే చెయ్యి" అన్నాడు పొద్దున గేలాల షాపు యజమాని గ్రాహం. "సరిగ్గా చేస్తే రేపే నీ ఉద్యోగం పర్మనెంట్ చేస్తూ లెటర్ ఇస్తాను."

ఆ లెటర్ లేకపోతే 2004 సెప్టెంబరు ముప్పైకి వీసా అయిపోతుంది. భార్య గిరిజకు ఎనిమిదో నెల.

ఉదయభాస్కర్ జన్మలో గేలం వెయ్యలేదు. చేప తినలేదు. ఈ పరాయి దేశపు హామిల్టన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతమంటే కథ చదివేది అతనే. ఏం చేస్తున్నారని ఎవరైనా అడిగితే "రిటైల్" అని మాట మార్చేవాడు.

మూడు నెలల కిందట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే, అప్లై చెయ్యకుండానే గ్రాహం ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆ ఫోన్ వెంకటేశ్వరస్వామే చేయించాడనుకున్నాడు. గేలాల షాపే ఎందుకు చూపించాడో మాత్రం అర్థం కాలేదు.

రీళ్ళ మీద అంకెలు చదివాడు. అన్నిటికంటే ఎక్కువ బరువు ఆపేది సన్నపోగులు జడలా అల్లిన అల్లిక లైను. అదే తీశాడు.

ఫోన్ మోగింది. గిరిజ.

"ఏమండీ, అయిందా?"

"ఇంకా లేదే. గంటకోసారి చెయ్యకు. చేతులు ఆడట్లేదు."

ఫోన్ పెట్టి తలెత్తితే ఎదురుగా ఒక ముసలామె. ముతక చీర మీద పెద్ద కోటు, కాళ్ళకు రబ్బరు గమ్‌బూట్లు.

"బాగున్నావా బాబూ? పని అలవాటైనాదా?" ఆమె ముఖమంతా నవ్వు.

ఇవాళ ఈవిడ, రేపు ఊళ్ళో తెలుగువాళ్ళంతా. వ్రతకథ చదివేవాడు చేపలకు ఎర అమ్ముతున్నాడంటారు.

"సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్" అన్నాడు.

ఆమె ఫోన్ వైపు చూసింది. అతని వైపు చూసింది. నవ్వు కాస్త తగ్గింది.

అంతలో ఆమె కళ్ళు రీలు మీద పడ్డాయి.

"అది వొద్దు బాబూ. అల్లికది నీరు పీల్చేస్తాది. మంచులో కర్రైపోతాది. ఒంటిపోగుది చుట్టు, సన్నంది."

"సారీ."

ఆమె రెండు రకాల లైనూ మూరేసి కత్తిరించింది. అతని గ్లాసులో నీళ్ళలో ముంచింది. సొంత ఇంట్లోలాగా ఎర ఉంచే ఫ్రీజర్ తెరిచి లోపల పెట్టింది.

"మేడమ్! కస్టమర్లు అది తెరవకూడదు!" ఇంగ్లీషులోనే అరిచాడు.

"వెయిట్. యూ సీ" అందామె, వచ్చీరాని ఇంగ్లీషులో.

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంటిదాన్ని జాగర్తగా సూసుకో బాబూ."

వెళ్ళిపోయింది.

ఉదయభాస్కర్ రెండు కర్రలకు అల్లిక లైనే చుట్టాడు. మూడోది చుడుతూ లేచాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి ఫ్రీజర్ తెరిచాడు.

అల్లిక ముక్క పుల్లలా నిలబడింది. ఒంటిపోగు ముక్క వేలికి చుట్టుకుంది.

చుట్టిందంతా విప్పేశాడు. ఐదింటికి ఐదు నిమిషాల ముందు ఆరో కర్ర పూర్తయింది.

వచ్చిన పరిశోధకుడు లైను లాగి చూశాడు. "భేష్. ఏటా ఇదే ఇస్తారు మీరు" అన్నాడు.

మర్నాడు లెటర్ చేతికొచ్చింది. రాత్రంతా నిద్రలేని కళ్ళతో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు ఉదయభాస్కర్.

"గ్రాహం, నిన్న గమ్‌బూట్లతో ఒకావిడ వచ్చింది. ఎక్కడుంటుందో తెలుసా? ఆవిడకో మాట చెప్పాలి."

"ఫ్లోరెన్సా? రాత్రి విమానానికి ఇండియా వెళ్ళిపోయింది. ఇక రాదు. నిన్ను చూడటానికే రెండు గంటల దూరంలోని పాపటోయిటోయి నుంచి బస్సులో వచ్చింది. మాట్లాడావా?"

ఉదయభాస్కర్ చేతిలో లెటర్ మడిచాడు.

"ఆరేళ్ళు ఇక్కడ లైన్లు చుట్టింది ఆవిడే. జూన్‌లో ఆస్పత్రిలో ఒక గర్భిణి, తన భర్తకు ఉద్యోగం లేదని ఆవిడ దగ్గర ఏడ్చిందట. మర్నాడే మోకాళ్ళ నొప్పులంటూ మానేసి, ఆ అమ్మాయి దగ్గర తీసుకున్న నీ నంబరు నా చేతిలో పెట్టింది. నాకైతే ఆ మోకాళ్ళు ఎప్పుడూ నొప్పిగా కనపడలేదు. అంతలోనే కూతురితో పాపటోయిటోయి మారిపోయింది."

గ్రాహం ఫ్రీజర్ మూత తుడుస్తూ అన్నాడు.

"బదులుగా ఒక్కటే అడిగింది. 'నా మనవలకు నా భాష రాదు, అతనికి వచ్చు, ఎప్పుడైనా వచ్చి నాలుగు మాటలు మాట్లాడిపోనా?' అని."