జింకపిల్ల ఏడుపు

...అయినా ఆ ఏడుపు తనదే కదా, ఎవరిదో అనుకోవడం ఎలా? ఒకప్పుడు బయన్న పెదాల మధ్య ఆకు పెట్టుకుని జింకపిల్లలా ఏడ్చేవాడు. తల్లి జింక పరుగెత్తుకొచ్చేది. పొదచాటు నుంచి బాణం వేసేవాడు. ఇప్పుడు నల్లమలలో చెట్టుకొక స్పీకరు, అతని గొంతులోనే రికార్డు చేసిన అదే ఏడుపుతో జింకలను వేటగాళ్ళకు దూరంగా మళ్ళిస్తోంది. ఆ స్పీకర్లను తుడవడమే బయన్న ఉద్యోగం. జింకలకు కనబడితే అవి ఆ ఏడుపును నమ్మడం మానేస్తాయని పనిలోంచి తీసేస్తారు.

"అడవంతా నీ ఏడుపే. ఇంట్లో మాత్రం నోరు తెరవవేంది మామా?" అంటూ పొద్దున భార్య ఈదమ్మ నవ్వింది.

ఇప్పుడు ఒక్క జింకా చావడం లేదు, నిజమే. కానీ రోజూ ఒక తల్లి వచ్చి పిల్ల కోసం వెతుక్కుంటోంది.

ఇవాళా వచ్చింది. మూతితో గడ్డి కదిపి చూసింది. స్పీకరు ఏడుస్తూనే ఉంది. బయన్న పొద వెనక నుంచి లేచి దాని ఎదుట నిలబడ్డాడు.

"పిల్ల లేదమ్మా," అన్నాడు. "అది నేనే."