పక్కటెముకల కింద గీత

దానమ్మ తన భర్త కరుణాకర్ గొంతులోని గొట్టం చుట్టూ తడిగుడ్డతో తుడుస్తోంది. బయట చీకటి పడింది. ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ఊపిరి మిషను చప్పుడు తప్ప మరేదీ వినిపించడం లేదు.

నంద్యాల నుంచి వచ్చిన నర్సు సుజాత, కరుణాకర్ పక్కటెముకల కింద జెల్ రాసి స్కానింగు పరికరం ఆనించింది. లోపలి కండరం దానంతటది కదిలితేనే మిషను తీసేయొచ్చు. ఆసుపత్రిలో తీసిన ప్రతిసారీ అతనికి ఊపిరి అందలేదు. అప్పుడల్లా దానమ్మను బయటే కూర్చోబెట్టారు.

"ఈపొద్దన్నా తీస్తావా, పాపా? యాడాదిగా ఈ గడప దాటలేదు. చెల్లెలి పెండ్లికి గూడా పోలేదు," అంది దానమ్మ విసుగ్గా.

"చూస్తాండా గదక్కా," అంటూ సుజాత మిషను గొట్టం ఊడదీసింది.

చప్పుడు ఆగింది. స్కానింగు తెరమీద ఆ కండరం తెల్లటి గీతలా చక్కగా లేచి దిగుతోంది. సుజాత ముఖంలో నవ్వు వచ్చింది.

అంతలో దానమ్మ దగ్గింది. గీత ఉలిక్కిపడింది.

కరుణాకర్ దగ్గలేదు.

"అక్కా, ఒక్కతూరి ఊపిరి బిగబట్టు."

"నేనెందుకు బిగబట్టల్ల? రోగం ఆయప్పకు గదా!" అని గొణుగుతూనే ఆమె బిగబట్టింది. గీత నిలిచిపోయింది. ఆమె ఊపిరి వదలగానే కదిలింది.

ఇద్దరూ తెరనే చూశారు. సుజాత పరికరం తీయకుండానే రెండో చేత్తో మిషను మళ్లీ తగిలించింది.

దానమ్మ గుడ్డ మంచం మీద పెట్టింది. చెప్పులు తొడుక్కుని గడప దాటింది.

మిషను నిదానంగానే కొట్టుకుంటోంది. తెరమీద గీత మాత్రం, పరుగెత్తే మనిషి ఊపిరిలా ఎగసిపడుతోంది.